సవరణ: పద్మశ్రీ అందుకున్న తొలి తెలుగు హాస్యనటుడు రేలంగి

తెలుగు హాస్యనటుల గురించి ఇంతకు ముందు పెట్టిన పోస్టులో, పద్మశ్రీ మొదట అందుకున్నది అల్లు రామలింగయ్య అని ఉంది. అది సరికాదు. ఆయనకు పద్మశ్రీ వచ్చింది 1990లో. అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1970లో రేలంగి వెంకట్రామయ్యకు ఆ గౌరవం దక్కింది. బ్రహ్మానందానికి వచ్చింది 2009లో.

ఇంకో మాట. రేలంగి సినిమా జీవితం 1949 నాటి 'గుణసుందరి కథ'తో మొదలైనట్టు కూడా అందులో ఉంది. నిజానికి ఆయన 1935లోనే 'శ్రీకృష్ణ తులాభారం'లో తెర మీద కనిపించారు. మధ్యలో ఉన్న ఆ పద్నాలుగేళ్లే అసలు కథ. చిన్నాచితకా వేషాలు వేస్తూ, దర్శకుడు సి.పుల్లయ్య దగ్గర సహాయకుడిగా పనిచేస్తూ నెట్టుకొచ్చారు. పేరు వచ్చేసరికి వయసు నలభైకి దగ్గరపడింది. ఈరోజుల్లో అంత ఓపిక ఎవరికుంటుంది చెప్పండి!

'మాయాబజార్' (1957)లో ఆయన వేసింది లక్ష్మణకుమారుడి పాత్ర. చినమయ వేషం రమణారెడ్డిది. వ్యాఖ్యల్లో కొందరు ఈ రెండింటినీ కలిపేశారు. రేలంగి లావు, రమణారెడ్డి బక్క. పొరపడటం కష్టమే మరి!

రేలంగి 1975లో కన్నుమూశారు. పాత పోస్టులో ఈ వివరాలన్నీ మార్చాం.