సివిల్ ఫస్టియర్‌ని, ఊగే వంతెనలంటే పిచ్చి

సివిల్ ఇంజినీరింగ్, ఫస్టియర్. పరిచయం ఇంతటితో ఆపి కూర్చుంటే ఏ గొడవా లేదు. "వంతెనలు ఎందుకు ఊగుతాయో తెలుసుకోవాలని ఉంది" అన్నామా, అయిపోయాం. "దానికి స్కోప్ ఉందా?" అంటారు. ఆ వెంటనే "కోడింగ్ నేర్చుకుంటున్నావు కదా?" అంటారు. నేర్చుకుంటున్నాను, పైథాన్. అదీ ఆ ఊగడం లెక్కలు వేసుకోవడానికే.

అకడమిక్ ఇంట్రెస్ట్స్ చెప్పమని అడుగుతారు గానీ, అసలు వినాలనుకునేది కెరీర్ ప్లాన్. అందుకే క్లాసులో వరసపెట్టి అందరూ ఏఐ, డేటా సైన్స్ అని అప్పజెప్పేస్తారు. వాటి మీద నిజంగా ప్రేమ ఉన్నవాళ్లు లేరని కాదు. అందరి నోటా ఒకే జవాబు వస్తుంటే వాళ్లెవరో ఎలా తెలుస్తుంది?

సరే, నా సంగతికి వస్తాను. అమెరికాలో టకోమా నేరోస్ వంతెనను 1940 జులైలో తెరిచారు. అదే ఏడాది నవంబర్ 7న కూలిపోయింది. ఆ రోజు గాలి వేగం గంటకు 64 కిలోమీటర్లు ఉందేమో, అంతే. తుపానేం కాదు. రోడ్డు రోడ్డంతా మెలితిరిగిపోయే ఆ ఫిల్ము చాలామంది చూసే ఉంటారు. దాన్ని రెజొనెన్స్‌కి ఉదాహరణగా చెప్పేసి ముందుకెళ్లిపోతారు చూడండి, నాకు అక్కడ మండుతుంది. రెజొనెన్స్ కావాలంటే బయటి నుంచి వచ్చే తోపుడు వంతెన సహజ ఫ్రీక్వెన్సీకి, అంటే అది తనంతట తాను ఊగే లయకి సరిపోవాలి, అప్పుడే ఊపు పెరిగిపోతుంది. గాలి అలా తాళం వేసుకుంటూ తోయలేదు. వంతెన మెలితిరిగేకొద్దీ దాని మీద గాలి బలం మారింది, ఆ బలం మెలికను ఇంకా పెంచింది. దీన్ని ఫ్లట్టర్ అంటారు.

మనం మ్యాథ్స్‌లో చేసే సెకండ్ ఆర్డర్ డిఫరెన్షియల్ ఈక్వేషన్‌లోనే ఇదంతా ఉంది. అందులో మూడు పదాలు: ద్రవ్యరాశి, డ్యాంపింగ్ (ఊపును తగ్గించే గుణం), స్టిఫ్‌నెస్ (వంగకుండా నిలిచే బిగువు). డ్యాంపింగ్ పాజిటివ్‌గా ఉన్నంతకాలం ఊపు మెల్లగా చచ్చిపోతుంది. గాలి ప్రభావం కలిపాక అది కాస్తా నెగెటివ్ అయితే ఊపు ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరుగుతూ పోతుంది. మైనస్ తప్పితే మార్కు పోతుందని బెదిరిస్తారు గానీ, వంతెనే పోతుందని ఒక్కరైనా చెప్పొచ్చు కదా!

లండన్ మిలీనియం బ్రిడ్జి ఇంకో రకం. 2000 జూన్ 10న తెరిచి రెండు రోజులకే మూసేశారు. కాస్త ఊగేసరికి జనం పడిపోకుండా అడుగులు సర్దుకున్నారు, ఆ అడుగులకి అది పక్కలకి మరింత ఊగింది. ఊపును పీల్చుకునే డ్యాంపర్లు బిగించి 2002లో మళ్లీ తెరిచారు. అంటే ఆ ఈక్వేషన్‌లో మధ్య పదాన్ని, డ్యాంపింగ్‌ని, పెంచారన్నమాట.

స్ట్రక్చరల్ డైనమిక్స్ పేపర్ పై సెమిస్టర్లలో గానీ రాదట. అప్పటిదాకా ఆగే ఓపిక లేక డ్యాంపింగ్ విలువ మార్చుకుంటూ గ్రాఫులు గీసుకుంటున్నాను. సున్నా దాటి కిందికి దిగగానే గ్రాఫు స్క్రీన్‌లోంచి బయటికి పోతుంది. విండ్ టన్నెల్‌లో (మోడళ్ల మీదికి గాలి వదిలి పరీక్షించే చోట) పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే, నిజం మోడల్ మీద ఆ విలువను ఎలా కొలుస్తారో చెప్పండి.