నీటి మొక్కల కోసం రైలెక్కుతామా?

విజయవాడలో పొద్దున్నే పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికల్లా చెన్నై సెంట్రల్‌లో దిగొచ్చు. అక్కణ్ణుంచి ఆటోలో కొళత్తూరు. రంగు చేపల పెంపకానికి, అమ్మకానికి దేశమంతా పేరున్న పేట అది. రెండేళ్ళ కిందట నేను ఆ దారి పట్టింది మాత్రం చేపల కోసం కాదు. మా ఇంట్లో ఉన్న 60 సెంటీమీటర్ల అక్వేరియంలో మొక్కలు పెంచాలని. "మొక్కలు ఆన్‌లైన్‌లో రావా? దానికి చెన్నై వెళ్ళాలా?" అని ఇంట్లో అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ప్లాంటెడ్ ట్యాంకులకు, అంటే మొక్కలు పెంచే అక్వేరియంలకు, కావలసినవి తప్ప ఇంకేమీ అమ్మని దుకాణం పెట్టాలనుకునేవాళ్ళను పట్టి పీడిస్తున్న ప్రశ్న కూడా అదే. చేపలు, మేత, రంగు గులకరాళ్ళు అమ్మే షాపు ప్రతి ఊళ్ళోనూ ఉంది. నీటి మొక్కలు, వాటికి తగిన మట్టి, రాళ్ళు, కర్ర, లైట్లు, మొక్కలకు అందించే సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్లు మాత్రమే పెట్టుకుని కూర్చుంటే పక్క జిల్లాల నుంచి జనం వస్తారా?

వస్తారనే నేను నమ్ముతున్నాను. అయితే వాళ్ళు వచ్చేది మొక్కలు కొనడానికే అనుకుని దుకాణం పెడితే నష్టపోతారు.

మొక్కల్ని కొరియర్ బాగానే మోస్తుంది. అనుబియాస్, జావా ఫెర్న్ లాంటివి తడి న్యూస్‌పేపర్లో చుట్టి పంపినా నాలుగు రోజులు తట్టుకుంటాయి. డెన్మార్క్‌లోని ట్రోపికా లాంటి నర్సరీలు టిష్యూ కల్చర్ మొక్కల్ని, అంటే ల్యాబ్‌లో చిన్న ముక్క నుంచి పెంచినవాటిని, చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో, జెల్లీ మీద పెంచి అమ్మడం మొదలుపెట్టాక పని ఇంకా తేలికైంది. ఆ కప్పులో నత్త గుడ్లుండవు, నాచు ఉండదు. ఇప్పుడు అలాంటి కప్పులు మన దగ్గరా దొరుకుతున్నాయి. ఇబ్బందులు లేవని కాదు. ఒక మే నెలలో నాకొచ్చిన డబ్బా దారిలో ఎక్కడో రెండు రోజులు ఆగిపోయింది. విప్పగానే కుళ్ళు వాసన, రొటాలా అనే మొక్క కాడలన్నీ గుజ్జయిపోయాయి. అమ్మినవాళ్ళు మళ్ళీ పంపారు, అది వేరే విషయం. కానీ దానివల్ల నేను నేర్చుకున్నది ఎండాకాలంలో ఆర్డర్ పెట్టకూడదని. రైలెక్కాలని నాకు అప్పుడు అనిపించలేదు.

రైలెక్కించింది కర్ర. డ్రిఫ్ట్‌వుడ్ (ట్యాంకులో అలంకరణకు పెట్టే వంకర కర్ర) ముక్కని ఫోటోలో చూసి కొనడం ఎంత కష్టమో కొన్నవాళ్ళకే తెలుసు. ఫోటో తీసేది ఒక వైపు నుంచి. ఆ ముక్క నిలబడే తీరు, కొమ్మలు వంగిన వైపు, పక్కన రాయి పెడితే కుదురుతుందా లేదా అన్నది చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తేగానీ తేలదు. కొళత్తూరులో నేను వెళ్ళిన దుకాణంలో ట్యాంకు సైజులో ఒక ఇసుక ట్రే పెట్టారు. అందులో మనమే కర్రలు, రాళ్ళు అమర్చుకుని చూసుకోవచ్చు. రెండు గంటలు నిలబడి తొమ్మిది ముక్కలు మార్చాను. అక్కడి కుర్రాడు విసుక్కోకుండా గోడౌన్‌లోంచి ఇంకో నాలుగు తెచ్చిచ్చాడు. చివరికి నచ్చిన ముక్కని రాత్రి రైల్లో బెర్తు కింద పెట్టుకుని తెచ్చుకున్నాను. ప్రత్యేకమైన దుకాణానికి అన్నిటికంటే ముందు కావలసింది ఆ ఇసుక ట్రే అని అప్పటినుంచీ నాకు గట్టి అభిప్రాయం.

రెండోది, పెరిగిన ట్యాంకు. నీటి మొక్కల్లో చాలావాటిని నర్సరీల్లో నీటిలో పెంచరు. తేమ గాలిలో, నీటికి పైన పెంచుతారు. అలా అయితే త్వరగా ఎదుగుతాయి, నాచు పట్టదు. తీరా మన ట్యాంకులో దిగాక ఆకు మారిపోతుంది. రొటాలా రొటుండిఫోలియా అనే పేరులోనే గుండ్రటి ఆకు ఉంది. మన దేశపు చిత్తడి నేలల్లోనూ పెరిగే మొక్క అది. నీటిలో మాత్రం దాని ఆకు సన్నగా, పొడుగ్గా వస్తుంది. అంటే ఆ పేరు పెట్టింది నీటి పైన కనిపించే రూపాన్ని చూసి. కొన్నప్పటి మొక్కకీ రెండు నెలల తర్వాత మన ఇంట్లో ఉండే మొక్కకీ పోలికే ఉండదు. క్రిప్టోకోరైన్ అయితే చోటు మారగానే ఆకులన్నీ కరిగిపోవచ్చు. వేరు బతికే ఉంటుంది. అది తెలియక ఎంతమంది కొత్తవాళ్ళు పీకి పారేసి ఉంటారో తలచుకుంటే బాధగా ఉంటుంది. నీళ్ళలో ఆర్నెల్లు ఎదిగిన మొక్కని కళ్ళారా చూపించే చోటు ఉంటే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది.

ఇక డ్రసీనాని, మోండో గ్రాస్‌ని నీటి మొక్కలని చెప్పి అమ్మే షాపులు మన ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నాయి. అవి నేల మీద పెరిగే మొక్కలు. నీటిలో ముంచితే కొన్ని వారాలు నిలబడి నెమ్మదిగా కుళ్ళిపోతాయి. అలా రెండుసార్లు మోసపోయిన మనిషి మొక్కల జోలికే రాడు, చివరికి ప్లాస్టిక్ మొక్కలు పెట్టుకుంటాడు. నమ్మకమైన దుకాణం కోసం దూరం వెళ్ళడానికి ఇంతకంటే కారణం ఏం కావాలి?

దూరం వెళ్ళేవాళ్ళు నిజంగా ఉన్నారా అంటే, ప్రపంచంలో దాఖలాలు బలంగానే ఉన్నాయి. ట్యాంకులో మొక్కల్ని, రాళ్ళని, కర్రని తోటలా అమర్చే ఈ కళకు ఇప్పుడున్న రూపాన్నిచ్చిన తకాషి అమానో 1954లో జపాన్‌లోని నీగాటాలో పుట్టారు. సైకిల్ రేసుల్లో పోటీపడ్డారు, ప్రకృతి ఫోటోలు తీశారు, 1982లో ఏడీఏ (ఆక్వా డిజైన్ అమానో) కంపెనీ పెట్టారు. నీగాటాలో మొక్కల ట్యాంకులు ప్రదర్శించే ఆ కంపెనీ గ్యాలరీ ఉంది. టోక్యో నుంచి బుల్లెట్ రైల్లో సుమారు రెండు గంటలు వెళ్తే వచ్చే ఊరది. ఆ గ్యాలరీని చూడటానికి విదేశాల నుంచీ వెళ్తారు. ఆయన చివరి పెద్ద పని 2015లో లిస్బన్ ఓషనేరియంలో తెరిచిన ట్యాంకు. పొడవు 40 మీటర్లు, నీరు 1,60,000 లీటర్లు. అదే ఏడాది ఆగస్టులో ఆయన పోయారు.

అవి గ్యాలరీలు, దుకాణాల సంగతి వేరు అని ఎవరైనా అనొచ్చు. సరే, బుడాపెస్ట్‌లోని గ్రీన్ ఆక్వా అచ్చంగా దుకాణమే. తమ ట్యాంకులు ఎలా నాటారో, రోజూ ఏం చేస్తారో అన్నీ యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టేస్తారు. అంతా వీడియోలో చూపిస్తే ఇక షాపుకి ఎవరొస్తారని మన దుకాణదారులు భయపడుతుంటారు. అక్కడ జరిగింది వేరు. వీడియోలు చూసినవాళ్ళే ఆ ట్యాంకుల ముందు ఒక్కసారైనా నిలబడాలని వెళ్తున్నారు. వీడియోలో లోతు కనపడదు, ఆకు అడుగున చేరే బుడగ మెరుపు కనపడదు.

1931లో విలియం రైలీ అనే అమెరికన్ ఒక సూత్రం చెప్పారు. ఒక ఊరు కొనుగోలుదారుల్ని లాగే శక్తి ఆ ఊరి జనాభాతో పెరుగుతుంది, దూరం వర్గంతో తగ్గుతుంది. దూరం రెండింతలైతే లాగే శక్తి నాలుగో వంతుకు పడిపోతుందన్నమాట. కూరగాయలకీ బట్టలకీ అది సరిపోవచ్చు. అభిరుచి ఉన్నవాడి లెక్క అలా ఉండదు. దగ్గర్లో ఒక్కటీ లేనప్పుడు దూరం సంగతి వెనక్కి పోతుంది. మనకు కడియం ఉంది కదా. పూలమొక్కల కోసం, పండ్ల మొక్కల కోసం ఎక్కడెక్కడి వాళ్ళో అక్కడికి వెళ్తారు. ఒక నర్సరీలో లేకపోతే పక్కదాంట్లో ఉంటుందన్న ధైర్యంతో వెళ్తారు. కొళత్తూరు బలం కూడా అదే. ఒక దుకాణం మూసి ఉన్నా ఆ ప్రయాణం వృథా కాదు. ఒంటరిగా ఎక్కడో పెట్టే దుకాణానికి ఈ ధైర్యం ఇవ్వడం కష్టం. కాబట్టి ఏ రోజు తెరిచి ఉంటుందో, ఇప్పుడు ఏమేం ఉన్నాయో వాట్సాప్‌లో ముందే చెప్పాలి. 150 కిలోమీటర్లు వచ్చినవాడికి తాళం కనిపిస్తే మళ్ళీ రాడు.

డబ్బు సంగతికి వస్తే, దూరం నుంచి వచ్చేవాడు ఏడాదికి ఒకసారో రెండుసార్లో వస్తాడు. అతని మీద అద్దె వెళ్ళదు. ఊళ్ళోని ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో ట్యాంకులు పెట్టి నెలనెలా చూసుకునే పని, పార్శిళ్ళు, ఈ రెండూ దుకాణాన్ని నడపాలి. మరి వచ్చినవాడి వల్ల లాభమేంటి? నా సంగతే చెప్తాను. కొళత్తూరు వెళ్ళొచ్చాక నేను మొక్కలన్నీ ఆ దుకాణం నుంచే తెప్పించుకుంటున్నాను. వాళ్ళ ట్యాంకులు చూశాను, ఆ నీళ్ళు చూశాను, నమ్మకం కుదిరింది. అంతకుముందు ధర ఎక్కడ తక్కువుంటే అక్కడ కొనేవాణ్ణి. ప్రయాణం ఒక్కసారే, దాని వెనక వచ్చే పార్శిళ్ళు ఏళ్ళ తరబడి.

ఒక్క విషయంలో మాత్రం కొళత్తూరు దుకాణం నన్ను నిరాశపరిచింది. ట్యాంకులు బ్రహ్మాండంగా ఉన్నాయి, కానీ అవి ఏ నీళ్ళలో పెరిగాయో ఎక్కడా రాసి లేదు. అడిగితే అన్నీ ఆర్వో నీళ్ళేనన్నారు. మా ఇంట్లో బోరు నీళ్ళు, ఉప్పు ఎక్కువ. అక్కడ ఎర్రగా వెలిగిపోతున్న మొక్క మా ఇంట్లో ముడుచుకుపోయింది. ప్రతి ట్యాంకు మీదా నాలుగు ముక్కలు రాస్తే చాలు: ఏ నీళ్ళు, లైటు ఎన్ని గంటలు, సీఓటూ ఉందా లేదా, నాటి ఎన్నాళ్ళయింది. ఆ పక్కనే బోరు నీళ్ళతో, సీఓటూ లేకుండా, అనుబియాస్, వాలిస్నేరియాలతో ఒక ట్యాంకు పెంచి చూపిస్తే మామూలు ఇళ్ళవాళ్ళు ముందు దాని దగ్గరే ఆగుతారు.

విజయవాడలో అలాంటి దుకాణం ఒకటి రావాలని నా కోరిక. గుంటూరు, ఏలూరు పక్కనే. ఖమ్మం, రాజమండ్రి వాళ్ళు పొద్దున వచ్చి రాత్రికి ఇంటికి చేరొచ్చు. పెట్టేవాళ్ళు ఒక ఖర్చుకు మాత్రం ముందే సిద్ధపడాలి. నాటిన వారానికి ట్యాంకులో చూడటానికి ఏమీ ఉండదు, మట్టి, మధ్యలో నాలుగు కాడలు తప్ప. కార్పెట్ మొక్క పరుచుకోవడానికి, కర్రకు మాస్ (moss) అనే చిన్న పచ్చటి మొక్క అల్లుకోవడానికి కనీసం మూడు నెలలు పడుతుంది. ఆ మూడు నెలల అద్దె, కరెంటు బిల్లు కట్టుకున్నాకే షట్టర్ ఎత్తాలి.