డివిజన్ గారూ, మీ లారీలెక్కడండీ?

గౌరవనీయులైన లింకన్‌షైర్ కౌంటీ డివిజన్ గారికి,

ఆదివారం భోంచేసి, నిద్ర కూడా మానుకుని రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ సైనిక దళమైన మీ గురించి చదవడానికి కూర్చున్నానండి. మ్యాప్ పరుచుకుని, మీరు చేసిన యుద్ధాలకి గుర్తులు పెడదామని పెన్సిల్ కూడా చెక్కుకున్నా. సాయంత్రం టీ టైమ్‌కి కూడా ఒక్క చుక్క పడలేదు. 1941 ఫిబ్రవరిలో పుట్టారు, అదే ఏడాది డిసెంబర్‌లో పోయారు, మధ్యలో ఇంగ్లండ్ తూర్పు తీరానికి కాపలా. అంతే.

పుట్టిన టైమ్ గురించి ఎక్కువ మాట్లాడనులెండి. హిట్లర్ బ్రిటన్ మీద దండయాత్రని 1940 సెప్టెంబర్‌లోనే వాయిదా వేసేశాడు, ఆ ప్లాన్ కూడా దక్షిణాన కెంట్, ససెక్స్ వైపే గానీ మీ వైపు కాదు, పాపం మీకెవరు చెప్తారు. మీ తీరంలోని స్కెగ్‌నెస్‌లో ఉన్న హాలిడే క్యాంపేమో నేవీ వాళ్ళు ముందే తీసేసుకున్నారు, మీకు ముళ్ళకంచె మిగిలింది.

నాకు మింగుడు పడంది లారీలండి. డివిజన్ అన్నాక శత్రువు ఎక్కడ దిగితే అక్కడికి పోవాలా వద్దా? మామూలు డివిజన్‌కి 72 ఫీల్డ్ గన్స్ ఉండేవి, మీకు ఫిరంగులూ అరకొరే, బండ్లూ అరకొరే. 1940లో హడావిడిగా పోగేసిన బెటాలియన్ల కుర్రాళ్ళని మూడు బ్రిగేడ్లు చేసి, సముద్రం ఒడ్డున నిలబెట్టి ఇక్కడే ఉండండ్రా అన్నారు. పైన మేజర్ జనరల్, ఆయనకో హెడ్‌క్వార్టర్స్, బోర్డు ఘనంగా ఉంది కొట్లో సరుకు లేదు. జర్మన్లు పది మైళ్ళు పక్కన దిగుంటే ఏం చేసేవాళ్ళండీ, బస్టాప్‌లో నిలబడేవాళ్ళా?

అసలు మిమ్మల్ని కాదు అనాల్సింది, ఆ వార్ ఆఫీసుని, అదే అప్పటి బ్రిటిష్ సైనిక శాఖని. సరంజామా ఉన్న డివిజన్లని ట్రైనింగ్‌కి వెనక్కి పిలిపించుకోవాలి, ఆ ఖాళీలో కూర్చోడానికి ఎవరో ఒకళ్ళు కావాలి, మీరు దొరికారు. ఉత్తర సముద్రం గాలికి ఒణుకుతూ చేసిన డ్యూటీకి విలువే లేదు, పనైపోగానే పేరు కొట్టేశారు. ఇంకో ఘోరం వినండి, మీలాంటి కౌంటీ డివిజన్లలో పనిచేసిన బెటాలియన్లు కొన్నిటిని తర్వాత ఫిరంగి దళాలుగా మార్చారట! డివిజన్ ఉన్నన్నాళ్ళూ ఫిరంగులకి దిక్కు లేదు, డివిజన్ పోయాక ఫిరంగులొచ్చాయి. దీన్ని ఏమంటారు అసలు, సిగ్గుండాలి.

ఆ వార్ ఆఫీసు అడ్రస్ ఉంటే పంపండి, వాళ్ళకో లెటర్ రాస్తాను. అందులో గారూ, అండీ లాంటివి ఉండవు.

ఇట్లు,
ఆదివారం పోగొట్టుకున్న ఓ పాఠకుడు