డైలో ఇరుక్కున్న కేసు

ఎవరికి జరిగిందని మాత్రం అడక్కండి. డాలస్ పక్క ఊళ్లో, ఒక గరాజ్‌లో, మొన్న శనివారం పొద్దున జరిగింది. గడ్డం కింద కమిలిన మచ్చతో ఎవరైనా తెలుగువాడు ఎదురైతే చూడనట్టు పక్కకు తప్పుకోండి, అదే పదివేలు.

రైఫిల్ రేంజికి వెళ్లే అలవాటున్నవాళ్లు కాల్చేసిన ఇత్తడి తొడుగుల్ని పారెయ్యరు, ఏరి తెచ్చుకుని మళ్లీ నింపుకుంటారు. ఆ తొడుగుని కేసు అంటారు. పేలినప్పుడు ఉబ్బిన కేసుని మళ్లీ కొలతకు తెచ్చే ఉక్కు అచ్చు పేరు సైజింగ్ డై. ప్రెస్ నెత్తిన మరలతో బిగుస్తుంది. .308 విన్‌చెస్టర్ అనే రైఫిల్ తూటా సైజుకి కొత్త డై వచ్చింది. తుప్పు పట్టకుండా కంపెనీవాళ్లు లోపలా బయటా జిడ్డు పూసి పంపుతారు కాబట్టి వాడేముందు కడగాలి. ఇంతవరకూ అంతా సవ్యమే.

ఎలా కడగాలో చెప్పడానికి వీడియో గురువుగారు ఒకాయన ఉన్నాడు. డై ఆపరేషన్ గదిలో కత్తిలా ఉండాలంటాడు. మధ్యలో ఉండే కడ్డీ, దాని కొసన సూది, కేసు మెడని వెడల్పు చేసే గుండు, అన్నీ విప్పించాడు. కార్ల బ్రేకులకి పట్టిన జిడ్డు వదిలించే స్ప్రే, బ్రేక్ క్లీనర్, కొట్టించాడు. గరాజ్ తలుపు తెరవాలనీ, మూలనున్న గ్యాస్ వాటర్ హీటర్ ఆర్పాలనీ మాత్రం చెప్పలేదు. అది మనకు తట్టింది కాబట్టి ఇల్లు మిగిలింది. గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిపించి, లైక్ కొట్టమని దండం పెట్టి వెళ్లిపోయాడు. కడిగిన డైలో నూనె పొర అసలే ఉండదు, మొదటి కేసుకి జారడానికి రాసే మైనం రెండింతలు రాయాలి అన్న ఒక్క ముక్క ఆయన నోట రాలేదు. తన కాఫీ కప్పు గురించి మాత్రం రెండు నిమిషాలు చెప్పాడు.

సరే, మైనం బదులు కేసు మీద జారుడు స్ప్రే కొట్టాం. ఆ స్ప్రేలో జారుడు పదార్థం ద్రావకంలో కలిసి ఉంటుంది. ద్రావకం ఆవిరైపోతేనే పనిచేస్తుంది. ఆవిరయ్యేదాకా ఆగాలని డబ్బా మీద ఉంది, చీమతలకాయంత అక్షరాల్లో.

హ్యాండిల్ కిందికి నొక్కితే కేసు పైకి, డైలోకి వెళ్తుంది. వెళ్లింది. సగం దూరంలో బరువనిపించింది. అలా అనిపించినప్పుడు ఆగి, వెనక్కి తీసి, మైనం రాసుకోవాలి. ఆగే బుద్ధి ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు. అడుగుదాకా నొక్కాం. కేసు అడుగున ఉండి మందు అంటించే చిన్న మూత, పాత ప్రైమరు, టిక్కుమని ఊడి పడింది. అదొక్కటే ఆ రోజు సక్రమంగా జరిగిన పని.

ఇప్పుడు హ్యాండిల్ పైకెత్తితే కేసు కిందికి రావాలి. రాదు. పైకి తోసేటప్పుడు ప్రెస్ బలమంతా కేసు మడమ, అంటే అడుగు, మొత్తం మీద పడుతుంది. కిందికి లాగేటప్పుడు పట్టు దొరికేది మడమ చుట్టూ ఉన్న సన్నటి అంచు ఒక్కటే. మంచాన్ని దుప్పటి కొస పట్టుకుని లాగడం లాంటిది. హ్యాండిల్ ఎత్తాం. బల్ల కాళ్లు లేచాయి. బరువుకని కింది అరలో పెట్టిన రెండు సోనామసూరి బస్తాలూ బల్లతోపాటు లేచాయి. దింపాం. మళ్లీ ఎత్తాం. బియ్యం మళ్లీ లేచింది. జిమ్‌కి నెలనెలా డబ్బు కడుతున్నవాడు ఇంట్లో ఉచితంగా బస్తాలెత్తుతుంటే చూడ్డానికి తెనాలి నుంచి వచ్చిన అత్తగారు తలుపు దగ్గరికి చేరారు.

"పట్టుకోమంటారా అల్లుడుగారూ?"

వద్దనేలోపే రెండు చేతులతో బల్లని అదిమి పట్టారు. ఆవిడ పట్టు ఆషామాషీది కాదు. బల్ల ఒక్క వెంట్రుకవాసి కూడా కదల్లేదు కాబట్టి కదలాల్సింది ఇంకేదో కదలాలి. అంచు చిరిగింది. హ్యాండిల్ స్ప్రింగులా లేచి గడ్డం కింద తగిలింది. కళ్లముందు దీపావళి. ఆ మతాబుల మధ్యలోంచి అత్తగారి గొంతు మెల్లగా వినబడింది.

"గొట్టంలో నూనె రాశారా?"

ఆవిడ దృష్టిలో అది జంతికల గొట్టం. ఆవిడ దృష్టిలో తప్పేమీ లేదు. కంపెనీకి ఫోన్ చేస్తే ఇరవై నిమిషాలు సంగీతం వినిపించి, చివరికి అడిగిందీ అదే ప్రశ్న, ఇంగ్లీషులో.

కోర్టు కేసైతే వాయిదాలైనా ఉంటాయి. డైలో ఇరుక్కున్న కేసుకి ఒకటే దారి. ముందు మధ్య కడ్డీని మర తిప్పి వీలైనంత పైకి లాగెయ్యాలి, లేకపోతే డ్రిల్ దానికి తగిలి రెండూ పోతాయి. తర్వాత కేసు మడమలోకి 7వ నంబరు బిట్‌తో బెజ్జం వెయ్యాలి. ప్రైమరు ఉండే గుంట 0.210 అంగుళాలు, బిట్ 0.201. ఆ గుంటే దారి చూపిస్తుంది. బెజ్జంలో పావు అంగుళం లావు, అంగుళానికి 20 చుట్ల ట్యాప్‌తో మరలు కొయ్యాలి. పైన ఒక గిన్నెలాంటి ఆధారం బోర్లించి, బోల్టు దింపి, అలెన్ కీతో తిప్పుతూ పోతే కేసు ఊడి వస్తుంది.

బిట్ తేవడానికి హార్డ్‌వేర్ షాపుకి వెళ్లాలి. ఈ దేశంలో డ్రిల్ బిట్లకి పేర్లు పెట్టినవాడు ఎవడో గానీ వాడికి ఎవరిమీదో కక్ష. నంబర్లలో 1 లావు, 80 సన్నం. అక్షరాల్లో ఏ సన్నం, జెడ్ లావు. ఇవి చాలవని అంగుళంలో అరవై నాలుగో వంతుల లెక్క వేరే. షాపు కుర్రాడు 7 అడిగితే 7/64 తెచ్చాడు. అది కాదంటే "ఏడేగా?" అన్నాడు. చివరికి 13/64 తెచ్చుకున్నాం. 0.203 అంగుళాలు, పని నడిచిపోతుంది.

మైనమే రాసుంటే ఇదేదీ లేదు. చూపుడు వేలికి బొట్టుకి తీసినంత తీసుకుని, కేసు ఒంటికి, ముఖ్యంగా కింది సగానికి, పొరలా పట్టిస్తే చాలు. భుజం దగ్గర ఎక్కువైతే అది పోవడానికి చోటులేక ఇత్తడిని సొట్టపెడుతుంది. డై పక్కనున్న చిన్న బెజ్జం గాలి పోవడానికే, అది పూడకుండా చూసుకోవాలి. నిట్టనిలువు గోడల పిస్టల్ కేసులకి కార్బైడ్ అనే బాగా గట్టి పదార్థపు రింగున్న డై ఉంటే మైనం అక్కర్లేదు. అయితే ఆ కార్బైడ్ రింగు గాజులాంటిది, సిమెంటు నేల మీద పడితే బీటే. బులెట్ కూర్చోబెట్టే డైని కడగడం అందరూ మర్చిపోతారు. సీసం బులెట్ల మైనం అందులో పేరుకుంటే బులెట్ అనుకున్నదానికంటే లోతుగా దిగుతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. దాచేటప్పుడు సన్నటి నూనె పొర, వాడేముందు ఒక తుడుపు. ఆ నూనె చేతులతో కొత్త ప్రైమర్లని ముట్టుకోకూడదు.

కేసు ఊడింది. డై లోపల మాత్రం డ్రిల్ వదిలిన ఇత్తడి రజను మిగిలింది. అది పోవాలంటే మళ్లీ బ్రేక్ క్లీనర్ కొట్టాలి. వాసనకి తల తిరుగుతోందని ఆ డబ్బా అత్తగారు ఎక్కడో దాచారు. వెళ్లి అడగాలి.