సవరణ: పార్సిల్ బరువు లెక్కలో నా పొరపాటు

కొండపల్లి బొమ్మలు, ఆవకాయ జాడీలు పంపడం గురించి మొన్న రాస్తూ, ఏ సర్వీసైనా కాటా మీద తూగినదానికే డబ్బులు తీసుకుంటుందన్నాను. తప్పు. ప్రైవేటు కొరియర్లు పెట్టె సైజు కూడా చూస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, మామూలుగా 5000తో భాగిస్తారు. ఆ అంకె, అసలు బరువు, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ. నా బొమ్మల పెట్టె 60×40×40. తూకం 6 కిలోలే, లెక్కకు మాత్రం 19.2 వచ్చింది! పగలకూడదని పాత పేపర్లు కుక్కి అంత పెద్ద పెట్టె తీసుకున్నది నేనే మరి. జాడీలకు ఈ బాధ లేదు, చిన్న పెట్టెలోనే బోలెడు తూగుతాయి. వాటికి ఆర్టీసీ కార్గో మేలన్న మాట మార్చుకోను. కాకపోతే ఇంటికి తెచ్చివ్వని చోట్ల అవతలివాళ్లకు బస్టాండుకు వెళ్లి తెచ్చుకునే ఓపిక ఉండాలి.