జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ గారి దివ్యసముఖమునకు

కోనసీమ నుంచి ఓ పరిశోధక విద్యార్థి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలెడదామంటే పరిశోధనకి నెలనెలా భృతిగా రావాల్సిన తమరి కుశలం తెలిసి ఏడు నెలలైంది.

2023 జనవరి నుంచి తమరు నెలకు 31 వేల నుంచి 37 వేలకు ఎదిగారని విని ఇంటిల్లిపాదీ సంతోషించాం. అంబాజీపేటలో కొబ్బరి ధరా ఇంతే. పెరిగిందని పేపర్లో చదవడమేగాని, మన కాయ అమ్మేరోజున ఆ ధర ఉండదు.

తమరు రావాలంటే నేను బతికే ఉన్నానని, చదువుతూనే ఉన్నానని నెలనెలా యూనివర్సిటీలో ఒకరు కంప్యూటర్లో ఎక్కించాలి, ఇంకొకరు ఖాయం చెయ్యాలి. ఇద్దరూ వచ్చిన రోజున సర్వరు రాదు. తపాలా శాఖలో రిటైరైన మా తాతయ్య నవంబరులో ఒక్కసారి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి, ఏడాదంతా పడక్కుర్చీలో దర్జాగా బతికుంటారు. ఇరవై ఎనిమిదేళ్ల నేను మాత్రం ఏడాదికి పన్నెండుసార్లు బతకాలి.

తమరి ఆయుర్దాయం రెండేళ్లు, పొడిగిస్తే మొత్తం ఐదు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది, అదీ ఐదేళ్లేగా అని మా గైడు దెప్పుతుంటారు. నిజమే. కాటన్ దొర నెలనెలా బతికున్నట్టు ఎవరిచేత ఎక్కించుకున్నారో కనుక్కోవాలి.

నా పరిశోధన కొబ్బరి దింపు కార్మికుల వైకల్యం, పని విరమణ మీద. ప్రశ్నావళిలో పదకొండోది: "ఏ వయసులో విరమణ పొందారు?" ఎదురుగా గళ్లు: 58, 60, 62, ఇతరములు. మా ఊరి దింపు మావయ్యని అడిగాను.

"ఇరమణేంటి బాబూ! పడ్డాను."

ఇతరములులో టిక్కు పెట్టాను. చెట్టు మీంచి పడి నడుం పోయిన మనిషి. వైకల్యం ఎంతో తేల్చే సదరం సర్టిఫికెట్టులో 40 శాతం దాటింది కాబట్టి నెలకి 6 వేల పింఛను. ఒకటో తారీకు తెల్లారేసరికి సచివాలయం వాళ్లే గుమ్మంలోకి తెచ్చిస్తారు.

"ఇయ్యన్నీ రాత్తే నీకెంతిత్తారు?"

"ముప్పై ఏడు వేలు మావయ్యా."

చాలాసేపు మాట్లాడలేదు. "పడ్డోడికి ఆరు, ఎలా పడ్డాడో రాసినోడికి ముప్పై ఏడు. ఆయ్, బాగుంది." నాకు తల దించుకోవాలనిపించింది. అంతలో ఆయనే అడిగాడు, "ఇంతకీ వత్తున్నాయా?"

చెప్పాను. తలగడ కింద తడిమి ఐదొందల నోటు తీసి నా ప్రశ్నావళిలో పెట్టాడు. "ఇయ్యాల ఒకటో తారీకేగా. ఉంచు."

పదకొండో ప్రశ్న కొట్టేశాను. నోటు మాత్రం ఇంకా ఆ కాగితాల మధ్యే ఉంది, ఖర్చుపెట్టడానికి చెయ్యి రావట్లేదు. తమరెప్పుడు వేంచేసినా ముందు ఆ బాకీ తీర్చాలి. వచ్చే ఒకటో తారీకులోపైతే మరీ మేలు. ఈసారి వెయ్యి ఇస్తానంటున్నాడు.

చిత్తగించవలెను.