సచివాలయంలో పది మంది ఉంటే వీధి శుభ్రమైపోతుందా?

విజయవాడ కాలనీల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: ప్రతి వార్డు సచివాలయంలో పది మంది ఉద్యోగులున్నారు కాబట్టి సిబ్బంది కొరత వట్టి సాకు. పారిశుద్ధ్య కార్మికులు పని ఎగ్గొడుతున్నారు. జనం కాలువల్లో చెత్త పోయడం వల్లే 2024లో సింగ్‌నగర్ మునిగింది. పన్ను కట్టనివాళ్ళకు అడిగే హక్కు లేదు. ఫిర్యాదు చేసేవాళ్ళ వెనక ఏదో ఒక పార్టీ ఉంటుంది. చదువుకున్నవాళ్ళు, కాలనీ పెద్దలు కూడా దీన్ని నమ్మి పదిమందికీ పంపుతున్నారు. ఇవి నిజాలుగా చెలామణీ అయిపోతుంటే చూస్తూ ఊరుకోలేక, ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

ముందు ఆ పది మంది సంగతి చూద్దాం. అన్నిటికన్నా ఎక్కువగా తప్పుదారి పట్టించే మాట ఇదే. ప్రభుత్వ సేవలను వార్డు స్థాయిలోనే అందించే సచివాలయ వ్యవస్థ 2019 అక్టోబరు 2న మొదలైంది. పట్టణాల్లో సుమారు 4 వేల జనాభాకు ఒక వార్డు సచివాలయం అన్నారు. అడ్మిన్, ఎమినిటీస్, శానిటేషన్, ప్లానింగ్, ఎడ్యుకేషన్, వెల్ఫేర్, రెవెన్యూ, ఎనర్జీ, హెల్త్, మహిళా పోలీసు అని పోస్టులు లెక్కేస్తే పది తేలే మాట నిజమే. కానీ ఆ పది మందిలో చీపురు పట్టేవారు గానీ, పార పట్టేవారు గానీ ఒక్కరూ లేరు. హెల్త్ సెక్రటరీ ఏఎన్‌ఎం. టీకాలు, గర్భిణుల నమోదు ఆమె పని. ఎనర్జీ సెక్రటరీ కరెంటు స్తంభాలు చూసుకుంటారు. చెత్తకూ కాలువకూ నేరుగా సంబంధం ఉన్నది శానిటేషన్ సెక్రటరీ ఒక్కరికే. ఆయనదీ పని చేయించే ఉద్యోగమే.

ఇక వాళ్ళ నెత్తిన ఇతర పనులెన్ని ఉన్నాయో చూడండి. 2024 జూలై నుంచి ఇంటింటికీ తిరిగి పింఛన్లు పంచే బాధ్యత వాలంటీర్ల నుంచి సచివాలయ సిబ్బందికి మారింది. అది అయ్యాక సర్వేలు, ఈకేవైసీలు. 2025లో ప్రభుత్వమే జనాభాను బట్టి సచివాలయాలను ఏ, బీ, సీ తరగతులుగా విడగొట్టి సిబ్బందిని సర్దింది. అంటే ‘ప్రతిచోటా పది మంది’ అనే లెక్క ఇప్పుడు కాగితం మీద కూడా లేదు. ఉద్యోగులు ఎంతమంది అన్న లెక్కతో మనకేం ఒరుగుతుంది? ఇవాళ పొద్దున మన వీధిలో చీపురు పట్టుకుని దిగింది ఎంతమంది? అసలు లెక్క అదీ.

‘కార్మికులు ఎగ్గొడుతున్నారు.’ ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. పొద్దున్నే లేచి ఏ పాత పేటలోనైనా పూడిక తీసే పని చూడండి. ఇద్దరు మనుషులు పొడుగాటి పారలతో సైడు కాలువలోంచి నల్లటి బురద ఎత్తి, గట్టు మీద కుప్పలు పోసుకుంటూ వెళ్తారు. తడి ఆరందే దాన్ని బండికి ఎత్తలేరు. ఎత్తుకెళ్ళాల్సిన ట్రాక్టరు వేరు, దాని డ్రైవరు వేరు, ఆ ట్రాక్టరు తిరగాల్సిన పేటలు బోలెడు. బండి రాకముందే ఒక్క వాన పడిందా, గట్టు మీది కుప్ప మళ్ళీ కాలువలోకే జారుతుంది. ‘పోయిన వారమే కదా తీశారు, అప్పుడే నిండిందా’ అని మనం తిట్టేది ఆ ఇద్దరినే. వాళ్ళ పని వాళ్ళు చేశారు. ఆగిపోయింది బండి దగ్గర, అంటే మళ్ళీ సిబ్బంది దగ్గరే.

రద్దీ ఎక్కువగా ఉన్న వీధుల్లో ఊడ్చే మనిషి ఒక్కరికి రోజుకు 250 నుంచి 350 మీటర్ల రోడ్డు అని కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ మాన్యువల్‌లో ఎప్పుడో రాశారు. మన వీధి పొడవు మీకు తెలుసు, ఊడ్చే మనుషులు కనిపిస్తూనే ఉంటారు, లెక్క మీరే వేసుకోండి. మొగల్రాజపురం, గుణదల, వించిపేట కొండల మీద ఇళ్ళకైతే మీటర్ల లెక్క కూడా పనికిరాదు. అక్కడికి బండి ఎక్కదు. చెత్తంతా మెట్ల మీదుగా మనిషే కిందికి మోసుకు రావాలి.

2023 డిసెంబరు చివర్లో మొదలుపెట్టి సంక్రాంతి ముందు వరకు రాష్ట్రమంతా మున్సిపల్ కార్మికులు 16 రోజులు సమ్మె చేశారు. ఆ రోజుల్లో ఊళ్ళు ఎలా కంపు కొట్టాయో ఎవరూ మరిచిపోయి ఉండరు. పని ఎగ్గొట్టేవాళ్ళే అయితే వాళ్ళు ఆగిపోయినప్పుడు అంత తేడా ఎందుకు కనిపించింది? అప్పటి గొడవంతా నెలకు 15 వేల జీతం, దాని మీద 6 వేల హెల్త్ అలవెన్సు, మొత్తం 21 వేల గురించి. ఆ డబ్బుతో ఒక కుటుంబం బెజవాడలో అద్దె కట్టి బతకాలి. ఎగ్గొట్టేవాళ్ళు అసలు ఉండరని నేను అనను. హాజరు ఒకచోట పడి మనిషి మరోచోట పనిచేసే సందర్భాలుంటే అవి బయటికి రావాల్సిందే. అయితే ఆ మనిషిని అక్కడికి పంపింది ఎవరన్నది కూడా దాంతోపాటే తేలాలి.

సింగ్‌నగర్ మునక గురించి అన్న మాట పూర్తిగా అబద్ధం. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే బుడమేరు నీటిని వెలగలేరు దగ్గర రెగ్యులేటరు పెట్టి, డైవర్షన్ కాలువ ద్వారా కృష్ణకు మళ్ళిస్తారు. 2024 ఆగస్టు ఆఖరున కురిసిన వానలకు ఆ కాలువ ఎడమ గట్టుకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. అదే సమయంలో కృష్ణ కూడా పొంగింది; ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, న్యూ రాజరాజేశ్వరిపేట మునిగింది ఆ నీటిలో. వీధి కాలువలో పడిన కవర్లకు అంత నీరు తెచ్చే శక్తి లేదు. పీకల్లోతు నీళ్ళలో పాలకూ మందులకూ అల్లాడిన జనం మీద ఆ నేరం మోపడం అన్యాయం. తర్వాత ఏం జరిగిందో కూడా గుర్తు చేసుకోవాలి. బురద ఎత్తడానికి వేరే ఊళ్ళ నుంచి పారిశుద్ధ్య కార్మికులను రప్పించారు, ఫైరింజన్లతో ఇళ్ళు కడిగించారు. ఉన్న మనుషులు సరిపోరని ప్రభుత్వానికి కూడా తెలుసన్నమాట.

జనం కాలువల్లో చెత్త వేయడం తప్పా అంటే తప్పే. తడి, పొడి చెత్త వేరుచేసి ఇవ్వడం ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం మన బాధ్యత. దాన్ని అడ్డం పెట్టుకుని మిగతా ప్రశ్నలన్నీ మూసేయడమే నాకు నచ్చనిది.

పన్ను సంగతికి వద్దాం. 2021-22 నుంచి ఇంటి పన్ను అద్దె విలువ మీద కాకుండా ఆస్తి విలువ మీద వేస్తున్నారు, ఏడాదికి 15 శాతం దాకా పెంచే వీలు అప్పుడు పెట్టారు. ఆలస్యమైతే వడ్డీ పడుతుంది. అద్దెకుండేవాళ్ళు నేరుగా కట్టకపోయినా ఆ భారం అద్దెలోనే కలిసి వాళ్ళ మీద పడుతుంది. అసలు పారిశుద్ధ్యం అనేది పన్నుకు బదులుగా అమ్మే సరుకు కాదు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పన్నెండో షెడ్యూలులో ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, చెత్త నిర్వహణ పట్టణ సంస్థల పనులుగా రాసి ఉన్నాయి. రసీదు ఉన్న ఇంటికే ఆ పని చేస్తామని అందులో లేదు. దోమకూ, నీళ్ళలో కలిసే మురుగుకూ రసీదులతో పనిలేదు. 2018 మార్చిలో పక్కనే గుంటూరు ఆనందపేటలో డయేరియా ప్రబలి ప్రాణాలు పోయాయి. తాగునీటి పైపు మురుగు కాలువలోంచి వెళ్ళే వీధి మన దగ్గరా ఉంటుంది. ఆ పైపు లీకేజీ చూసి బాగుచేసే ఫిట్టరు ఎంతమందికి ఒకరున్నారని అడగడం మన ప్రాణాల కోసం.

ఫిర్యాదు వెనక పార్టీ ఉంటుందన్న మాటకు పెద్దగా జవాబు అక్కర్లేదు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా కాలువ నిండితే నీళ్ళు గుమ్మంలోకే వస్తాయి.

సందేశం పంపేవాళ్ళూ, దాన్ని చూసి కోపం తెచ్చుకునేవాళ్ళూ కలిసి చేయగల పని ఒకటుంది. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అందులో ఇవి అడగండి: మా డివిజన్‌కు మంజూరైన పారిశుద్ధ్య కార్మికులు ఎంతమంది, వాళ్ళలో ఇప్పుడు పనిలో ఉన్నది ఎంతమంది, గత మూడు నెలల హాజరు పట్టీ నకలు, రిటైరైనవాళ్ళ స్థానాల్లో ఎవరిని తీసుకున్నారు, దసరా నవరాత్రులకు దుర్గ గుడి దగ్గర డ్యూటీకి ఇక్కడి నుంచి ఎంతమంది వెళ్ళారు, వాళ్ళ బదులు ఎవరొచ్చారు, పూడిక ఎత్తే ట్రాక్టరు మా వీధికి ఏ తేదీల్లో వచ్చింది. జవాబు వచ్చాక దాని ఫొటో తీసి, ఆ సందేశం తిరిగిన గ్రూపుల్లోనే పెట్టండి. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్ళేటప్పుడు అదే కాగితం చేతిలో పట్టుకుని వెళ్ళండి. వీలైతే మీ వీధి ఊడ్చే కార్మికులను కూడా వెంట తీసుకెళ్ళండి.